కోళ్లగంపకు వాస్తు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఉండేది కాదు. ప్రొద్దుటూరులో సివిల్ డిప్లొమా అప్పుడే ముగించి, జమ్మలమడుగులో ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు అనే పేరుతో సిమెంటు బస్తాలకు కాపలా కాస్తున్నాను (జేబులో టేపు ఉండేది, చెవి మీద పెన్సిలు ఉండేది, పని మాత్రం ఉండేది కాదు). ఆ వయసులో మనిషికి తెలివి గొంతు దాకా నిండి ఉంటుంది, ఎవరు కాస్త కదిలించినా ఒలికిపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఒలికిందంతా ఒలికి ఇప్పుడు అడుగున కొంచెం మిగిలింది. ఆ మిగిలినదానితోనే ఈ సంగతి చెబుతున్నాను. ఇందులో రెండు చావులున్నాయి, ఒక ఊరి మునక ఉంది. అయినా తలుచుకున్నప్పుడల్లా నాకు ముందు నవ్వే వస్తుంది, ఏడుపు దాని వెనకాల వస్తుంది. ఇంట్లోవాళ్లకు మాత్రం నవ్వే కనబడుతుంది కాబట్టి వాళ్ల దృష్టిలో నేను కొంచెం మనసు లేనివాణ్ణి.

మా ఊరు కొండాపురం దగ్గర. గండికోట రిజర్వాయరు నీళ్లు వస్తాయి, ఊరు ఖాళీ చెయ్యాలని ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. మా జేజినాయన, అంటే మా నాయనను కన్న తండ్రి, "వొచ్చినప్పుడు సూద్దాం పోరా" అని ప్రతిసారీ తుండుగుడ్డ దులుపుకుని లేచిపోయేవాడు. చివరికి నీళ్లు నిజంగానే వచ్చాయి. అప్పుడిక మా మట్టి మిద్దెను మేమే విప్పుకున్నాం. మా వైపు మిద్దె అంటే రాతి గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, ఆ పైన మట్టి. గోడలను నీళ్లకు వదిలేసి కొయ్యనంతా ట్రాక్టరుకు ఎత్తుకుని పునరావాస కాలనీకి చేరాం. అందులో నడిమింటి వేప దూలం ఒకటుంది. కొత్తగా పెళ్లయిన రోజుల్లో జేజినాయన స్వయంగా చెట్టు చూసి, కొట్టించి, బండి మీద తెచ్చుకున్నది. కాలనీలో ఆ దూలానికి చోటు లేదు. అక్కడ అన్నీ స్లాబు ఇళ్లు, అన్నీ ఒకే కొలత, ఒకే సున్నం. జేజినాయన రోజూ సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లోకి పొరబాటున పోయి, చెప్పులు విడిచి, నీళ్లు అడిగేవాడు. వాళ్లు నీళ్లిచ్చి, చెయ్యి పట్టుకుని మా ఇంటికి తెచ్చి దిగబెట్టేవాళ్లు. కొన్నాళ్లకు ఒక సాయంత్రం ఎవరి సాయమూ లేకుండా సరైన ఇంట్లోకే వచ్చాడు. మేమంతా సంతోషించాం. ఆయన మంచం మీద పడుకుని మళ్లీ లేవలేదు.

పంచాంగం చూసిన అయ్యవారు కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నాడు. ఆయన అద్దాలు తుడిచాడంటే మంచి మాట రాదని అందరికీ తెలుసు. "ధనిష్ఠలో పోయినాడప్పా. ఆరు నెల్లు ఇల్లు పాడుబెట్టల్ల" అన్నాడు. అంటే చెడ్డ నక్షత్రంలో ప్రాణం పోయిన ఇంట్లో అన్నాళ్లు ఎవరూ ఉండకూడదు, దీపం పెట్టకూడదు, తాళం వేసి బయటికి నడవాలి. పాత ఊర్లో అయితే ఇదొక పెద్ద కష్టం కాదు. దాయాదుల ఇల్లో, పశువుల కొట్టమో, ఏదో ఒకటి దొరికేది. కాలనీలో ఎవరికి ఉన్న గది వాళ్లకే చాలదు. మా నాయన మామూలుగా రోజుకు నాలుగు మాటలు మాట్లాడే మనిషి, ఆ రోజు వాటన్నిటినీ ఒకేసారి వాడేశాడు. "నీళ్లకొక ఇల్లు ఇస్తిమి. ఇప్పుడు నచ్చత్రానికొకటి ఇస్తాండాం" అన్నాడు.

పోనీ పక్కన రేకుల కొట్టమైనా వేసుకుందామంటే మా చిన్నాయన అడ్డుపడ్డాడు. నాయనకు తమ్ముడైన ఈ చిన్నాయన వ్యవసాయం చేసేవాడే కానీ మనసంతా వాస్తు మీద ఉండేది. మా పాత ఊర్లో సగం మరుగుదొడ్లు ఒక మూల నుంచి ఇంకో మూలకు మారింది ఈయన మాట మీదే. ఊరంతా శాస్త్రప్రకారం తీర్చిదిద్దాడు, పాపం. నీళ్లు వచ్చినప్పుడు కూడా అవి ఈశాన్యం నుంచి వస్తున్నాయని గమనించి, ఆ దిక్కున నీళ్లుంటే శుభమని ఒక పూట సంతోషించాడు (మరుసటి పూట ఆయన ఇంట్లోకే వచ్చాయి). అటువంటి మనిషి, "పెద్దాయన పోయిన ఏడాది లోపల దూలం ఎత్తగూడదురా, ఇంటికి అరిష్టం" అన్నాడు. అయ్యవారు కూడా తల ఊపాడు. ఉన్న ఇంట్లో ఉండకూడదు, కొత్త ఇల్లు కట్టకూడదు. అమ్మా నాయనా చిన్నాయన గదిలోకి సర్దుకున్నారు. మా జేజి, అంటే నాయనమ్మ, మాత్రం రానంది. "ఆడ కాళ్లు సాపుకునే దానికి చోటు ల్యా, నా కట్టెల కాడ నేనుంటా" అని ఆ కొయ్య కుప్ప పక్కన నాలుగు గుంజలు పాతించుకుని, పైన ఒక టార్పాలిన్ పట్ట కట్టించుకుని, దాని కింద కూర్చుంది. ఎండాకాలం ముదిరి ఉంది. ఆ పట్ట కింద చెయ్యి పెడితే కాలేది. భర్త పోయి నెల తిరగని ముసలామె అలా వీధిలో ఉడికిపోతూ ఉంటే చూడలేకపోయేవాళ్లం. ఎండను ఎలాగో ఓర్చుకుంటుంది, వానలు మొదలైతే ఏం చెయ్యాలన్నదే ఇంటిల్లిపాది దిగులు.

సరిగ్గా అప్పుడు నా తెలివి ఒలికింది. అంతకుముందు ఫోన్‌లో ఒక వీడియో చూశాను. ఏదో చల్లటి దేశంలో ఒక గడ్డపాయన చిన్న చిన్న కొయ్యలను త్రికోణాలుగా బిగించుకుంటూ పోయి, బోర్లించిన గిన్నె లాంటి ఇల్లు కట్టాడు. వెనక సంగీతం వస్తూ ఉండగా పది నిమిషాల్లో కట్టేసి, లోపల కూర్చుని కాఫీ తాగాడు. జియోడెసిక్ డోమ్ అంటారు దాన్ని. గోడ లేదు, స్తంభం లేదు, అన్నిటికన్నా ముఖ్యంగా దూలం లేదు. నేను అయ్యవారి ముందుకు పోయి లాయరు మాదిరి నిలబడ్డాను. "స్వామీ, దూలం లేకుంటే అది ఇల్లు అవుతాదా?" అని అడిగాను. ఆయన, "దూలమూ ద్వారబంధమూ ల్యాకుంటే ఇల్లెట్ల అవుతాది" అన్నాడు. "ఇల్లు కాకుంటే కట్టొచ్చు గదా?" అన్నాను. ఈసారి ఆయన అద్దాలు తుడవలేదు. నేను నేల మీద పుల్లతో బొమ్మ గీశాను. చిన్నాయన తల అటు వంచి ఇటు వంచి చూసి, "ఇది కోళ్లగంప గదరా" అన్నాడు. ఆ క్షణం నుంచి కాలనీలో జియోడెసిక్ డోమ్ అన్న మాట ఎవరి నోటా రాలేదు. నన్ను కూడా గంప ఇంజినీరు అనే పిలవడం మొదలుపెట్టారు.

కాకపోతే ఒక చిక్కు. డోమ్‌కు కావలసినవన్నీ పొట్టి కొయ్యలు, రెండే రెండు కొలతలు, నేను లెక్క కట్టి అంగుళాల్లో తేల్చాను. దంతెలు చాలావరకు పుచ్చిపోయాయి, గట్టి కొయ్య కావాలంటే ఆ వేప దూలాన్నే ముక్కలు చెయ్యాలి. జేజికి చెప్పడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం చాలలేదు, నన్నే పంపారు. నేను ఆమె పక్కన కూర్చుని త్రికోణం ఎంత బలమైనదో, భారం ఎలా పంచుకుంటుందో చాలాసేపు వివరించాను. ఆమె దూలం మీద చెయ్యి వేసుకుని అంతా విన్నది. చివరికి, "ఏందిరా సుట్టూ తిరుగుతాండావు? దీన్ని కొయ్యాలంటావు, అంతేనా?" అంది. అవునన్నాను. "మనిషే పాయె, మానుదేముందిలే. కొయ్యండి" అని లేచి వెళ్లి అవతల కూర్చుంది. నేను ఇంజినీరు కదా, టేపు తీశాను.

ప్రొద్దుటూరు నుంచి చిన్నాయన కోత మిషన్ బాడుగకు తెచ్చాడు. జమ్మలమడుగులో నేను ఇనుప పట్టీలు వంపించి, బోల్టులు కొని తెచ్చాను. నేను కొలతలు చెప్పడం, చిన్నాయన కొయ్యడం. ఆయన మిషన్ పట్టుకుంటే ముట్టుకోనిచ్చేవాడు కాదు. "నువ్వు సదువుకున్నోనివి, ఏళ్లు తెగితే పెన్సిలు ఎట్ల పట్టుకుంటావు" అని నన్ను దూరంగా కూర్చోబెట్టేవాడు. మధ్యలో నేను డ్యూటీకి జమ్మలమడుగు పోయి వచ్చేసరికి కొయ్యలన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. కొన్నిటికి చివర పసుపు బొట్లు కనిపించాయి. అందులో జేజినాయన దూలం ఉంది కాబట్టి భక్తితో పెట్టి ఉంటాడనుకుని నేను కూడా మనసులో దండం పెట్టుకున్నాను. చిన్నాయన ముఖంలో ఒక తృప్తి కనిపించింది. దాన్ని కూడా నేను నా డిజైను మీద గౌరవమనే అనుకున్నాను.

బిగించే రోజున కాలనీ అంతా వచ్చింది. మునిగిన ఊరివాళ్లకు సినిమా లేదు, తిరునాళ్ల లేదు, నేనున్నాను. "కోళ్లు ఎప్పుడొస్తాయప్పా?" అని ఒకరు, "గుడ్లు మాక్కూడా ఇస్తారా?" అని ఒకరు. నేను ఆ గడ్డపాయన మాదిరి చిరునవ్వు నవ్వుతూ కింది వరస పూర్తి చేశాను. రెండో వరస లేచేసరికి ఎకసెక్కాలు తగ్గాయి. నిజంగానే అది చేతులు పట్టుకుని నిలబడుతున్నట్టు పైకి వస్తోంది. చిన్నాయన మాత్రం ఎందుకో పసుపు బొట్టు కొయ్యలన్నీ ఏరి ఏరి ఒక పక్కకే అందిస్తున్నాడు. నేను పట్టించుకోలేదు. అన్ని పక్కలా ఒకటే కదా, డోమ్ గొప్పతనమే అది. మధ్యాహ్నం దాటాక నెత్తిన ముగింపు వరసకు వచ్చాం. అక్కడ కొయ్యలన్నీ ఒక చోట కలవాలి. కలవలేదు. ఒక పక్కవి కలుస్తాయి, ఇంకో పక్కవి జానెడు దూరంలో ఆగిపోతాయి. ఇటు లాగితే అటు ఊడుతుంది. పైగా మొత్తం గంప ఒక వైపుకు తల వాల్చి ఉంది.

నేను నిచ్చెన మీద నిలబడి ఫోన్‌లో లెక్కలు మళ్లీ వేశాను. సరిగ్గానే ఉన్నాయి. ఎండకు ఇనుము సాగిందన్నాను, నేల ఎత్తుపల్లాలన్నాను, చివరికి భూమి గుండ్రంగా ఉంటుందని కూడా అన్నాననుకుంటాను. కింద జనం నోళ్లకు గుడ్డలు అడ్డం పెట్టుకున్నారు. దిగి వచ్చి టేపుతో ఒక్కొక్క కొయ్యా కొలిచాను. పసుపు బొట్టు ఉన్న ప్రతి కొయ్యా నేను చెప్పిన కొలతకన్నా అంగుళం పొడుగుంది. చిన్నాయన వైపు చూశాను. ఆయన దాచుకోలేదు, గర్వంగానే చెప్పాడు. "నైరుతి పక్క ఒగ ఇంచు ఎక్కువే పెట్టినాలేరా. నైరుతి ఎత్తుండల్ల, ఈశాన్నెం పల్లముండల్ల. నువ్వేమో అన్ని పక్కలా సమానమంటివి. యాడన్నా ఉంటాదా ఆ అన్నేయం? చెప్తే ఒప్పుకోవని నేనే సూసుకుంటి."

"ఇది కోళ్లగంప అని నువ్వే అంటివి గదా చిన్నాయనా! గంపకు వాస్తేంది?" అని అరిచాను. నిజానికి ఏడుపు గొంతుతోనే అరిచాను. ఆయన ఏమాత్రం తొణకలేదు. "గంపయితే? పండుకునేది కోళ్లా? మా యమ్మరా!" అన్నాడు. పొడుగువన్నీ విప్పి మళ్లీ కోద్దామని మిషన్ దగ్గరికి నడిచాను. గాలి మొదలైంది. కరెంటు పోయింది. మా వైపు ఎండాకాలపు గాలివాన చెప్పి రాదు, ముందు దుమ్ము వస్తుంది, దాని వెనకే నల్లగా మబ్బు దిగుతుంది. అంతదాకా నవ్వుతున్న జనం ఎగబడ్డారు. ఒకడు మోకు తెచ్చి గంప చుట్టూ వేశాడు, నలుగురు నైరుతి పక్కన నిలబడి నెట్టారు, మిగతావాళ్లు లాగారు. కొయ్యలు మూలిగాయి, బోల్టులు వంగాయి, నెత్తిన జానెడు ఖాళీ ఖాళీగానే మిగిలిపోయింది. జేజి గుంజల మీది పట్టను మేం విప్పి గంప మీద కప్పేసరికి పెద్ద పెద్ద చినుకులు పడ్డాయి. జేజి ముందుగా వంగి లోపలికి పోయింది. తల ఎత్తి ఆ ఖాళీని చూసింది. నేను సంజాయిషీ మొదలుపెట్టాను. "పోనీలేరా, గవాచి ఉంది" అంది. (మట్టి మిద్దెల్లో వెలుతురు రావడానికి, పొగ పోవడానికి నడినెత్తిన ఒక కంత వదులుతారు, దాన్ని గవాచి అంటారు. వానొస్తే పైకెక్కి దాని మీద బండ మూస్తారు. మేం ప్లాస్టిక్ బక్కెట్టు బోర్లించాం.)

మరునాడు అంతా విప్పి సరిగ్గా కట్టిస్తానన్నాను. జేజి బయటికి రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. పొద్దున పూట గవాచి నుంచి గుండ్రటి ఎండ ముక్క ఒకటి నేల మీద పడేది, అది ఎక్కడుంటే జేజి చాప అక్కడికి జరిగేది. పాత ఇంట్లోనూ అంతే చేసేదట. ఆరు నెలలూ గడిచాయి, అయ్యవారు శాంతి చేయించాడు, ఇంటికి సున్నం కొట్టి అందరం తిరిగి చేరాం. ఆమె మాత్రం గంప వదలనంది. నాయన బతిమాలాడు, అమ్మ కోప్పడింది, లాభం లేకపోయింది. అప్పటికి నేను పులివెందులలో ఇంకో ఉద్యోగంలో చేరాను. అక్కడ నా సహోద్యోగులందరికీ ఫోన్‌లో ఫోటో చూపించేవాణ్ణి. "స్లాబు ఇల్లు పెట్టుకుని కూడా మా జేజి ఇందులోంచి కదలదు. లోపల గాలి ఆడే పద్ధతే వేరు" అని త్రికోణాల మహిమ ఎత్తుకునేవాణ్ణి. ఒకాయన ఫోటోను తిప్పి తిప్పి చూసి, "ఒక పక్కకు వంగిందేంది?" అన్నాడు. గాలి ఒత్తిడికి తగ్గట్టు అలా డిజైన్ చేశానన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట!

ఒకసారి సెలవుకు పోయినప్పుడు ఆ గంపలో జేజి పక్కన చతికిలబడి, పొగడ్త వినాలని ఊరుకోలేక అడిగాను. "నా గంప నీకంత బాగుందా జేజీ?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "బాగుండేదేంది! వానొస్తే కారుతాది. ఎండకు ఉడుకుతాది. లేసి నిలబడితే ఈ పక్క నెత్తికి తగులుతాది. మీ చిన్నాయన నైరుతి ఎత్తు చేసినాడని ఆ పక్కనే నిలబడల్ల" అంది. మరి ఎందుకున్నావన్నాను. వక్కాకు ఒక బుగ్గన పెట్టుకుంది. "నేను ఏ నచ్చత్రంలో పోతానో ఎవురికెరుక నాయనా. ఆ ఇంట్లో పోతే మళ్లా ఇల్లు పాడుబెట్టల్ల. మీ నాయన మూడో ఇల్లు యాడ నుంచి తెస్తాడు? ఈడయితే దూలం ల్యా, ఇల్లు గాదు. నువ్వే గదా అయ్యవారిని అడిగి ఒప్పించింది" అంది.

అప్పటిదాకా నా నోరు మూయించడం మా కాలేజీలో లెక్చరర్ల వల్ల కూడా కాలేదు. ఇంటికి రమ్మని ఆమె చెయ్యి పట్టుకుని లాగాను, పిల్లాడిలాగా. ఆమె నవ్వి, నా చేతిలో నాలుగు వేరుశనగలు పెట్టి పంపించింది. నాయనతో చెబితే ఆయన తల దించుకుని, "నాకు తెలుసులే" అన్నాడు. ఇంట్లో అందరికీ తెలుసట. ఆ గంపను కట్టినవాడికి తప్ప.

జేజి చలికాలంలో ఒక పొద్దున పోయింది. చాప అప్పటికే ఎండ పడే చోటికి జరుపుకుని ఉంది. నేను పులివెందుల నుంచి చేరేసరికి చిన్నాయన పంచాంగం ముందు పెట్టుకుని, గంప బయట నేల మీద కూర్చుని ఉన్నాడు. వేలు ఆ కాగితం మీద పెట్టి మళ్లీ మళ్లీ చూస్తున్నాడు. అయ్యవారు అప్పుడే చెప్పి పోయాడట. నన్ను చూసి, "మంచి నచ్చత్రమేరా. ఏ దోసమూ ల్యా. ఇంట్లో పోయినా ఏమీ అయ్యేది గాదు" అన్నాడు. అని, ఆ పెద్ద మనిషి, సగం ఊరిని దిక్కులతో గడగడలాడించినవాడు, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని పిల్లాడి మాదిరి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. అంత ఎండలో, అంత వానలో, అంత ఇరుకులో ఆమె ఉన్నదంతా ఊరికే పోయింది కదా అని ఏడ్చాను.

మా ఇంటివాళ్లకు దహనమే ఆచారం. కాలనీలో చితికి కట్టె దొరకడం కష్టం, చెట్లన్నీ నీళ్లలోనే ఉన్నాయి. నాయన గంప వైపు చూశాడు. అందరం వెళ్లి బోల్టులు విప్పడం మొదలుపెట్టాం. వంగిన బోల్టులు రాకపోతే చిన్నాయన రాయితో కొట్టి విరిచాడు. జేజినాయన దూలం ముక్కలు పేరుస్తూ పోతే చితి చక్కగా అమరింది. ఒక్కటీ మిగల్లేదు, ఒక్కటీ తక్కువ కాలేదు. నా జీవితంలో నేను లెక్క కట్టి కోయించిన కొయ్యలు కచ్చితంగా సరిపోయింది ఆ ఒక్కసారే. పసుపు బొట్లవి ఎటు పడితే అటు పడ్డాయి. చిన్నాయన ఆ రోజు దిక్కులు చూడలేదు.

ఇప్పుడు పులివెందులలో నేనే ఇళ్లు కట్టిస్తున్నాను. నైరుతి ఎత్తు పెంచమని ఎవరైనా నసుగుతూ అడిగితే మేస్త్రీలు నా వైపు చూసి నవ్వుతారు, నేను ఇంకో వరస ఇటుక వెయ్యమంటాను. ఆ ఫోటో ఇంకా ఫోన్‌లో ఉంది. నడుము మీద చేతులు పెట్టుకుని, చెవి మీద పెన్సిలుతో ఒక బక్క కుర్రవాడు కొండను ఎత్తినవాడిలా నిలబడి ఉంటాడు. వెనక గంప ఈశాన్యానికి వాలి ఉంటుంది. వాడికి ఏదైనా చెబుదామని చాలాసార్లు అనుకుంటాను. చెప్పినా వాడు వినడు. ముందు నాకు త్రికోణం గురించి వివరిస్తాడు.